తండ్రి పేరు లేని చోట



పాస్టర్ల కూడికకు మెక్సికో వెళ్ళి వచ్చినప్పటి నుండి "అయ్యగారూ, అక్కడ ఏం చూశారు?" అని చాలామంది అడుగుతున్నారు. నా మనసులో నిలిచిపోయింది పెద్ద కట్టడం కాదు. పాత బాప్తిస్మపు పుస్తకంలో రెండు మూడు మాటలు.

అక్కడ నాకు ఆతిథ్యమిచ్చిన పాస్టరు గారు కొన్నేళ్ళుగా తన పూర్వీకుల వివరాలు పోగుచేస్తున్నారు. ఒకరోజు నన్ను తన తాతల ఊరు రియల్ డెల్ మొంతెకు తీసుకెళ్ళారు. హిదాల్గో రాష్ట్రంలో, పచూకా పట్టణం పైన కొండల్లో, సుమారు 2,700 మీటర్ల ఎత్తున ఉన్న వెండి గనుల ఊరు అది.

నీళ్ళు నిండి మూతబడ్డ ఆ గనులను ఆవిరి యంత్రాలతో తోడి మళ్ళీ నడపాలని 1825 ప్రాంతంలో ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుండి పనివారు వచ్చారు. ఆ బరువైన యంత్రాలను వెరాక్రూజ్ తీరం నుండి పైకి లాక్కొచ్చేలోపే చాలామంది జ్వరాలతో చనిపోయారు. బతికినవారు మెథడిస్టు విశ్వాసాన్నీ, ఫుట్‌బాల్ ఆటనూ, 'పాస్తె' అనే తినుబండారాన్నీ ఆ ఊరికి ఇచ్చారు. చూడడానికి మన కజ్జికాయలాగే ఉంటుంది, లోపల మాత్రం మాంసం, బంగాళాదుంప. ఊరి పైన కొండమీద వాళ్ళ సమాధులున్నాయి. దాదాపు అన్నీ ఇంగ్లండు వైపే తిరిగి ఉంటాయని అక్కడివారు చెబుతారు.

మా మిత్రుని ఇంట్లో తరతరాలుగా ఒక మాట ఉంది. తమ ముత్తాత తండ్రి ఆ కార్న్‌వాల్ మేస్త్రీలలో ఒకరి కొడుకని. ఆ మేస్త్రీ పేరు కోసమే ఆయన వచ్చారు. చర్చి ఆఫీసులో 1850ల నాటి పుస్తకం తీసి ముందు పెట్టారు. బిడ్డ పేరు ఉంది. తల్లి పేరు ఉంది. జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు ఉన్నాయి. తండ్రి దగ్గర మాత్రం "పాద్రె నో కొనోసీదో" అని ఉంది. తండ్రి ఎవరో తెలియదు అని అర్థం.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "మా నాయనమ్మకు ఇది తెలుసేమో. అందుకే మాకు ఆ కథ చెప్పిందేమో" అన్నారు. అదే కథను ఆయన తన పిల్లలకు కూడా చెప్పి ఉన్నారు.

ఇంకా పాత పుస్తకాల సంగతి కూడా ఆయనే వివరించారు. స్పెయిను పాలనలో బిడ్డ పేరుతో పాటు స్పానిష్, ఇండియన్, మెస్తిసో, ములాతో అని 'కాస్తా' రాసేవారట. చాలా చోట్ల ఒక్కొక్కరికి వేరే పుస్తకమే. స్వాతంత్ర్యం వచ్చాక 1822లో అలా రాయకూడదని చట్టం చేశారు. ప్రియులారా, పోర్చుగీసువారు మన దేశానికి తెచ్చిన మాట కూడా అదే. ఇంగ్లీషులో 'కాస్ట్' అయింది దానినుండే. ఆ మాట బరువు మన ఊళ్ళలో ఎంతో నేను మీకు చెప్పనక్కరలేదు.

తర్వాత అకోస్తా గనిలోకి వెళ్ళాం. ఇప్పుడది మ్యూజియం. తలమీద టోపీ, చుట్టూ చీకటి, తడి రాయి. యోబు గ్రంథం 28వ అధ్యాయం అక్కడ నాకు కొత్తగా అర్థమైంది. మనుష్యుడు వెండి కోసం కొండ అడుగు వరకు వెళ్ళగలడు, జ్ఞానం మాత్రం అలా తవ్వితే దొరకదు. ఆ ఊరి కూలీలు తమ రోజు పని మించి తవ్విన ఖనిజంలో కొంత వాటాగా తీసుకునేవారు. యజమాని పెద్రో రొమెరో దె తెర్రెరోస్ ఆ వాటా మీద చెయ్యి వేసినప్పుడు, 1766లో వాళ్ళు పని మానేసి ఎదురు తిరిగారు. అమెరికా ఖండాల తొలి సమ్మెలలో ఒకటిగా దానిని చెప్పుకుంటారు. యజమాని పేరు అందరికీ తెలుసు. కూలీలలో ఎక్కువమంది పేర్లు ఎవరికీ తెలియవు. అయినా బిగబట్టిన కూలి మొర దేవుని చెవిని చేరుతుందని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో రాశాడు.

మత్తయి మొదటి అధ్యాయం చదవకుండా దాటేస్తాం కదా, అన్నీ పేర్లేనని. ఈసారి ఆగి చదవండి. తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య. మనమైతే దాచిపెట్టే కథలను పరిశుద్ధాత్మ దేవుడు రక్షకుని వంశావళిలోనే రాయించాడు.

మా మిత్రుడు ఇంటికెళ్ళి తన కుటుంబ పటంలో ఆ తండ్రి చోట గీత గీసి వదిలేశారు. ఊహించి ఏ పేరూ రాయలేదు. పక్కన ఆ తల్లి పేరు మాత్రం అందరికంటే పెద్దగా రాశారు. "బిడ్డను ఎత్తుకొని గుడికి వచ్చింది ఈమె" అని పిల్లలకు చూపించారు.

మన సంఘంలోనూ బిడ్డను ప్రతిష్ఠకు తెచ్చి, తండ్రి పేరు అడిగేసరికి గొంతు తగ్గించే తల్లులున్నారు. ఆ క్షణంలో వెనక బల్లలమీద గుసగుసలు వినబడకూడదు. ఈ వారం మీ ఇంటి పెద్దలను కూర్చోబెట్టి పాత పేర్లు అడిగి రాసుకోండి. ఖాళీ వస్తే ఖాళీగానే ఉంచండి. అబద్ధంతో నింపవద్దు, సిగ్గుతోనూ నింపవద్దు. మనకు తెలియని పేరు మన పరలోకపు తండ్రికి తెలుసు.

ప్రభువు మీ ఇంటిని, మీ పిల్లల పిల్లలను దీవించును గాక. ఆమేన్.