టైరుపై నాలుగు వ్రేళ్ళ సందు



ఇటీవల మా సంఘములలోని యౌవనస్థులు కారు కొన్న మరునాడే దాని ప్రక్కన మోకాళ్ళూని, టైరుకును దానిపైనున్న రేకు అంచుకును మధ్య ఎన్ని వ్రేళ్ళు పట్టునో కొలిచి చూస్తున్నారు. నాలుగు వ్రేళ్ళు పడితే ఎడ్లబండిలాగా ఉన్నదట. రెండు వ్రేళ్ళయితే చూడముచ్చటగా ఉండునట. ఆ రెండు వ్రేళ్ళు తగ్గించుటకు పొట్టి స్ప్రింగులను, వాటికి జతగా కొత్త స్ట్రట్లను పట్నమునుండి తెప్పించుకొంటున్నారు.

మహబూబాబాదు దగ్గరి ఒక పల్లెనుండి ఒక తండ్రి మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మిర్చి పైసలతోటి పాత స్విఫ్టు కొన్నం. మావోడు దాన్ని నేలకు దించుతనంటుండు. మీరన్న జర చెప్పుండ్రి" అన్నాడు. ఇట్లు వచ్చే తండ్రులు మేము వెంటనే కుమారుని పిలిచి గద్దించుదుమని అనుకొంటారు. మేము ఆ పని చేయము. బండి అందముగా ఉండవలెనని కోరుకొనుట నేరము కాదు. పైగా ఆ అబ్బాయిని అడిగితే అతడు చెప్పిన కారణము వేరుగా ఉన్నది.

"అమ్మ కారెక్కితే గూడూరు దాటకముందే కక్కుకుంటది అయ్యగారూ. కారు ఊగుడు ఎక్కువున్నది. కిందికి దించితే ఊగదని షాపాయన చెప్పిండు."

ఆ తల్లికి వెన్నుపూస నొప్పి. నెలకొకసారి వరంగల్లు ఆసుపత్రికి వెళ్ళవలెను. కారు భయముతో రెండు నెలలనుండి వెళ్ళుట మానివేసినది. బస్సులో అంతసేపు కూర్చుండలేదు.

షాపాయన అబద్ధమాడలేదు గాని సగమే చెప్పాడు. బండి బరువు నేలకు దగ్గరగా ఉంటే మలుపులలో ప్రక్కకు ఒరుగుట తగ్గును. అది నిజమే. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో పందెపు కార్లు పరుగెత్తే దారి ఉన్నది. అటువంటి నున్నని దారి మీద కారును తగినంత దించితే లాభమే. అయితే స్విఫ్టు ఊగుటకు కారణము దాని ఎత్తేనా? అది ఎవరూ చూడలేదు.

కారు క్రింద రెండు పనులు వేరువేరుగా జరుగుచున్నవి. స్ప్రింగు బరువు మోస్తుంది. గుంతలో పడితే అణిగి, మరల లేస్తుంది. దానిని అట్లే వదిలితే, కోతి దూకిపోయిన తరువాత కొమ్మ ఊగినట్లు చాలాసేపు ఊగును. ఆ ఊగును ఆపేది షాకబ్జర్బరు. అది నూనె నింపిన గొట్టము. లోపలి పిస్టను కదిలినప్పుడెల్ల నూనె సన్నని రంధ్రములగుండా పోవలెను గనుక ఊపు అక్కడ వేడిగా మారి అణగిపోవును. షాకబ్జర్బరు బరువు మోయదు. స్ప్రింగు ఊపు ఆపదు. ఒకదాని పని ఇంకొకటి చేయలేదు.

ఈ రెంటిని ఒకే స్తంభముగా కూర్చి, ముందు చక్రము ఆ స్తంభము మీదనే తిరుగునట్లు చేసిన అమెరికా ఇంజనీరు పేరు ఎర్ల్ మాక్‌ఫెర్సన్. ఇది 1940ల నాటి ఆలోచన. మన దేశములో 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800కు ముందుభాగమున ఉన్నవి ఆ స్ట్రట్లే. అంతకుముందు మనకు తెలిసిన అంబాసిడరు వెనుకభాగములో జట్కాబండివలె కమాన్ పట్టీలే ఉండెడివి. ఆ పట్టీలు ఒకదానిమీద ఒకటి రాచుకొని కొంత ఊపును అవే మ్రింగివేసేవి. చుట్టల స్ప్రింగు అట్లు చేయదు. షాకబ్జర్బరు చచ్చిపోతే ఆ సంగతి కూర్చున్నవారి కడుపునకు ముందుగా తెలియును.

అందుచేత ఆ అబ్బాయిని జనగామలో మాకు తెలిసిన మెకానిక్కు నొద్దకు తీసుకొని వెళ్ళాము. ఆయన ఏ యంత్రమునూ తీయలేదు. ముందు రేకు మూలను రెండు చేతులతో గట్టిగా అదిమి వదిలాడు. మంచి బండి ఒకసారి లేచి నిలిచిపోవలెను. ఇది మూడు నాలుగుసార్లు ఊగినది. తరువాత చక్రము విప్పి చూపించాడు. రెండు స్ట్రట్లకును నూనె కారి, దానిమీద దుమ్ము ముద్దగా పట్టియున్నది. "ఇందుల నూనె లేదు. స్ప్రింగు ఎంత పొట్టిదేస్తే ఏం లాభం?" అన్నాడు.

లాభము లేకపోవుట ఒక్కటే కాదు. పొట్టి స్ప్రింగు గట్టిగా ఉండితీరవలెను, లేకుంటే బండి నేలను తాకును. దానికి పాత పొడవు షాకబ్జర్బరే ఉంచితే, పిస్టను ఎల్లప్పుడు గొట్టము అడుగుననే తిరుగును. చిన్న గుంతకే రబ్బరు దిమ్మకు కొట్టుకొని ఆ దెబ్బ సూటిగా సీటుకు వచ్చును. వెన్నునొప్పిగల తల్లికి ఇది వైద్యమా? కొందరు డబ్బు మిగులునని ఉన్న స్ప్రింగునే రెండు చుట్లు కోయించుచున్నారు. అది మరీ ప్రమాదము. చక్రము గుంతలో వ్రేలాడినప్పుడు కోసిన స్ప్రింగు తన గిన్నెలోనుండి జారిపోగలదు. ఎత్తు మార్చినప్పుడు చక్రముల వాలు కూడ మారును. అలైన్‌మెంటు చేయించనియెడల టైర్లు లోపలి అంచున అరిగిపోవును.

ఇక మన దారులు. 2018లో వచ్చిన స్విఫ్టుకు ఖాళీగా ఉన్నప్పుడు నేలకు 163 మిల్లీమీటర్ల ఎడము. పొట్టి స్ప్రింగులు 40 తీసివేస్తే మిగిలేది 123. ఐదుగురు కూర్చుంటే ఇంకను దిగును. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారి పుస్తకము ప్రకారము స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల ఎత్తు ఉండవలెను. మన ఊళ్ళలో ఏదో ఒక పిల్లవాడు లారీ క్రింద పడిన మరునాడు ఊరివారే సిమెంటుతో వేసుకొన్నవి ఇంతకంటె ఇరుకు, ఇంతకంటె ఎత్తు. వారిని మేము తప్పుపట్టలేము. భూపాలపల్లి దారిలో బొగ్గు లారీలు త్రొక్కిన చోట రోడ్డు మధ్య భాగము గట్టులాగా లేచియుండును. 2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచినది. 2024 సెప్టెంబరు మొదటి దినమున కేసముద్రము, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల క్రింది కట్టయే కొట్టుకొనిపోయినది. రైలు కట్టకే ఆ గతి పట్టినప్పుడు పల్లెదారుల కల్వర్టుల మాట చెప్పనేల? అటువంటి రాత్రి రోగిని తీసుకొని బయలుదేరినప్పుడు ఇంజను క్రిందనున్న ఆయిలు చాంబరు రాతికి తగిలి పగిలితే బండి అక్కడే ఆగును.

చట్టము సంగతి కూడ అబ్బాయికి చెప్పాము. తయారుచేసినవారి నమూనాకు భిన్నముగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పినది. అదే సంవత్సరము సవరించిన మోటారు వాహనముల చట్టములో అనుమతిలేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా, లేక ఆరు నెలలవరకు జైలు, లేక రెండును ఉన్నవి. అరిగిన స్ట్రట్ల స్థానములో అదే కొలత స్ట్రట్లు వేయుట మాత్రము మరమ్మతే.

అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. పట్నపు షాపులో ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రాదని అతనికి తెలియును. చివరకు ముందు స్ట్రట్లు రెండును, వాటిపైనున్న రబ్బరు మౌంటులును, వెనుక షాకబ్జర్బర్లు రెండును కొత్తవి వేయించాడు. ఒక ప్రక్కది బాగున్నట్లు కనిపించినను రెండును కలిపే మార్చవలెనని మెకానిక్కు పట్టుపట్టాడు. లేకుంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక ప్రక్కకు లాగునట. స్ప్రింగులు పాతవే ఉంచారు. ఆ సాయంకాలమే అలైన్‌మెంటు చేయించారు.

పోయిన నెల తల్లి వరంగల్లు వెళ్ళి వచ్చినది. నర్సంపేటలో టీ త్రాగుటకు ఆగారట. ఇంటినుండి పట్టుకొని వెళ్ళిన ప్లాస్టిక్ కవరు మడతవిప్పకుండ తిరిగి తెచ్చినదని తండ్రి ఫోనులో చెప్పాడు. టైరుపై సందు ఇంకను నాలుగు వ్రేళ్ళే ఉన్నది. అబ్బాయి ఇప్పుడు అల్లాయ్ చక్రముల ధర అడుగుచున్నాడు.