గొంతుతో పాత్ర కట్టిన గీల్‌గుడ్

జాన్ గీల్‌గుడ్ 1904లో లండన్‌లో పుట్టారు. విక్టోరియా కాలపు మహానటి ఎలెన్ టెర్రీ ఆయన అమ్మమ్మకు చెల్లెలు. ఆ బంధుత్వం వేదికకు దారి చూపిందేమో గాని పెద్ద వేషాలేమీ ఇప్పించలేదు. 1921లో ఓల్డ్ విక్ థియేటర్‌లో ఆయనకు దక్కింది ఒకే ఒక్క పంక్తి ఉన్న వార్తాహరుడి వేషం.

అదే ఓల్డ్ విక్‌కు 1929లో తిరిగి వచ్చి, రెండేళ్లలో రోమియో, రెండో రిచర్డ్, మాక్‌బెత్, హామ్లెట్, లియర్ పాత్రలు వేశారు. హామ్లెట్ వేసేనాటికి వయసు ఇరవై ఆరు. షేక్‌స్పియర్ పద్యాన్ని ఆయన వల్లించినట్టు చెప్పేవారు కాదు. ఆలోచన అప్పుడే పుట్టి మాటగా మారుతున్నట్టు, లయ తప్పకుండా పలికేవారు. ఆయన ప్రతిభకంతటికీ మూలం అక్కడే ఉంది.

దర్శకత్వం 1932లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థుల ‘రోమియో అండ్ జూలియట్’తో మొదలైంది. 1935లో లండన్‌లో అదే నాటకాన్ని మళ్లీ ఎత్తుకున్నప్పుడు రోమియో, మెర్క్యూషియో వేషాలను తానూ లారెన్స్ ఒలీవియే మార్చుకుంటూ వేశారు. జూలియట్‌గా పెగ్గీ యాష్‌క్రాఫ్ట్. పద్యంలోని సంగీతం గీల్‌గుడ్‌ది, దేహంలోని ఆవేశం ఒలీవియేది. రెండు నటనా మార్గాలు ఒకే పాత్రలో పోటీపడడం ప్రేక్షకులకు అరుదైన అవకాశం. 1937–38లో క్వీన్స్ థియేటర్‌లో ఆయన నడిపిన బృందం అంతకంటే ముఖ్యమైంది. యాష్‌క్రాఫ్ట్, మైఖేల్ రెడ్‌గ్రేవ్, అలెక్ గిన్నిస్ వంటివారిని ఒకచోట చేర్చి షేక్‌స్పియర్, షెరిడన్, చెహోవ్ నాటకాలు వేయించారు. ఒక్క తార చుట్టూ నాటకం తిరిగే వెస్ట్ ఎండ్‌లో అది సాహసమే.

రిహార్సల్స్‌లో ఆయన రోజుకో కొత్త ఆలోచన తెచ్చి, నిన్న చెప్పింది నేడు మార్చేసేవారు. నటులకు అది కష్టంగానే ఉండేది. యుద్ధం ముగిసిన 1945లో సైనికుల కోసం బృందంతో భారతదేశానికీ వచ్చారు. 1953లో సర్ బిరుదు అందుకున్నారు.

1950ల చివర కొత్త నాటకకర్తల గాలి వీచినప్పుడు ఆయన పాతకాలపు మనిషి అనిపించుకున్నారు. షేక్‌స్పియర్ పద్యాలతో ‘ఏజెస్ ఆఫ్ మ్యాన్’ ఏకపాత్ర ప్రదర్శన ఆ రోజుల్లో ఆయనను నిలబెట్టింది. 1964లో న్యూయార్క్‌లో రిచర్డ్ బర్టన్‌తో ‘హామ్లెట్’ చేయించినప్పుడు నటులకు రిహార్సల్ దుస్తులే వేషం. తండ్రి ప్రేతాత్మకు మాత్రం గీల్‌గుడ్ తన గొంతు ఇచ్చారు. ఆ తరువాత కొత్త రచయితలే ఆయనను వెతుక్కుంటూ వచ్చారు. డేవిడ్ స్టోరీ ‘హోమ్’ (1970), హెరాల్డ్ పింటర్ ‘నో మ్యాన్స్ ల్యాండ్’ (1975) నాటకాల్లో రాల్ఫ్ రిచర్డ్‌సన్‌తో కలిసి చేసిన పాత్రలు ఆయన జీవితంలోని గొప్ప పాత్రల్లో నిలుస్తాయి. ఆరున్నర పదుల వయసు దాటాక ఒక నటుడు తన కళను ఇలా కొత్తగా నేర్చుకోవడం సామాన్యం కాదు.

‘ఆర్థర్’ చిత్రంలోని బట్లర్ వేషానికి ఆస్కార్ వచ్చింది. ‘గాంధీ’ చిత్రంలో లార్డ్ ఇర్విన్ ఆయనే. చివరిగా 2000లో బెకెట్ నాటకం ‘కటాస్ట్రఫీ’ చిత్రరూపంలో ఒక్క మాటైనా లేని పాత్ర వేసి, కొన్ని వారాలకే, మే 21న కన్నుమూశారు. లండన్ షాఫ్ట్స్‌బరీ అవెన్యూలోని నాటి గ్లోబ్ థియేటర్ 1994 నుంచి ఆయన పేరుతోనే నడుస్తోంది.