తోమరాని అద్దములు

సోదరీమణులారా, మాసినదానిని తోమి మెఱపించుట మనకు పుట్టుకతో వచ్చిన విద్య. చింతపండును బూడిదయు చేతనుండగా ఏ యిత్తడి బిందె మనకు లొంగకుండును? కాని తోముటయే చేటగు వస్తువులును గొన్ని గలవు. మెదకు చర్చియందలి రంగుటద్దముల కిటికీలు అట్టివి.

గత శీతకాలమున మా వారి పాఠశాల పిల్లలతో గూడి అన్నోజిగూడనుండి మెదకునకు బోయితిమి. కఱవు దినములందు ఛార్లెస్ వాకర్ పోస్నెట్ అను ఆంగ్ల మతబోధకుడు, ఆకొన్నవారికి పని కల్పించి అన్నము పెట్టుచు 1914లో ఆ మందిరమును కట్టింప దొడగెను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. అందు బలిపీఠము వెనుక క్రీస్తు ఆరోహణము 1927లోను, ప్రక్కల జననము 1947లోను, సిలువ 1958లోను అమరినవి. ఇవి ఫ్రాంక్ సాలిస్‌బరీ అను చిత్రకారుని రచనలు. పగటి వెలుగున నీలములు, కెంపులు రాసిపోసినట్లు వెలిగిన బొమ్మలు సంజవేళకు నల్లని పలకలైపోయినవి. లోపలి దీపములు వాని కక్కఱకు రావు.

ఇట్టి కిటికీలలో గాజు కరగునపుడే రంగు కలిపెదరు. ముఖరేఖలు, వస్త్రముల మడతలు మాత్రము గాజుపొడియు లోహభస్మమును నూఱిన రంగుతో వ్రాసి, ఆఱు నూఱు డిగ్రీలకు పైబడిన కొలిమి వేడిమిలో కాల్తురు. పిమ్మట ముక్కలను సీసపు బద్దీలతో కూర్తురు. కాల్పు చక్కగా కుదిరిన గీత శతాబ్దములు నిలుచును. కుదరనిది, మంచు సోకిన ప్రవరుని పాదలేపమువలె, తడి తగిలినంతనే విడిపోవును. నూఱేండ్ల ప్రాయమున సీసమునకును వార్ధక్యము వచ్చి, అద్దము ఉబ్బి వంగును.

కాబట్టి వానిని కాపాడువారు మొదట ఛాయాపటములు తీసి, ముక్కముక్కకును అంకె వేయుదురు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, శుద్ధజలమున తడిపిన దూదితో వ్రేలెడు వ్రేలెడుగా తుడుతురు. రంగు పెళుసైనచో దూదియు తాకింపరు. పగిలిన ముక్కను పాఱవేయక జిగురుతో అతుకుదురు. వెలుపల, గాలి ఆడునట్లు ఎడమిచ్చి, తెల్లని అద్దము నొకదానిని కవచముగా నిలుపుదురు. చెఱిగిన కనుబొమ్మను మాత్రము పాతగాజుపై మరల దిద్దరు. వలసినచో పలుచని వేఱొక గాజుపై వ్రాసి వెనుక నుంతురు. ఇది మాకు మిక్కిలి నచ్చినది. మా తండ్రిగారు తాళపత్రములకు ప్రతి వ్రాయునపుడు, పురుగు తిన్నచోట స్వకవిత్వము చొప్పింపక, గ్రంథపాతమని చుక్కలు పెట్టెడివారు.

ఇదంతయు మాకేల యందురా? మా యింట అత్తగారి పుట్టినింటినుండి వచ్చిన పట్టాభిషేక పటమొకటి కలదు. అద్దము వెనుకవైపున రంగులతో వ్రాసినది, కొలిమి నెఱుగనిది. సీతమ్మ చెక్కిలి కడ రంగు పెచ్చులూడుచున్నది. శ్రీరామనవమికి దిద్దించవలెనని అత్తగారు బజారునుండి చిత్రకారుని పిలిపించిరి. అతడు పాతరంగును గీకివైచి క్రొత్తది పూయుదుననెను. మేమతనికి మజ్జిగ ఇచ్చి పంపివేసితిమి.

"అమ్మాయీ, ముఖము చెదరిన దేవిని ఎట్లు పూజింతుము?" అని అత్తగారడిగిరి. ఆ మాట త్రోసివేయదగినది కాదు. జీర్ణమైన మూర్తికి పూజ తగదనుట పెద్దలమాటయే. చర్చి కిటికీకి పూజ లేదు, మా పటమునకు నిత్యమును కలదు.

"అత్తయ్యగారూ, ఆమె మీ అమ్మగారు చేతులు జోడించిన సీతమ్మ. గీకించినచో ఆమె మరల రాదు" అంటిమి.

అత్తగారు మాటాడలేదు. పూజకు క్రొత్తపటము తెప్పించి, పాతదానిని ఎండయు వంటయింటి పొగయు సోకని లోగోడకు మార్చుదమని మా ఆలోచన. ఆమె యింకను ఒప్పుకొనలేదు. పటము దేవుని గూటిలోనే యున్నది. నవమికి పదునొకండు దినములున్నవి.