దూరమా? వెలుతురా?

మా ఇంట్లో ఆరు నెలలపాటు ఒకటే మాట నడిచింది. కెమెరా కొనాలి, సరే. ఏ కెమెరా కొనాలి? చిన్న పెట్టెలో పెద్ద జూమ్ ఉండే కాంపాక్ట్ సూపర్‌జూమా? లేక లెన్సు మార్చుకునే డీఎస్ఎల్ఆర్‌లలో మొదటి మెట్టుదా? ఆ ఆరు నెలల్లో నేను తెలుసుకున్నది నా తోటి విద్యార్థులకు పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులో సగం కెమెరా సంగతి, సగం మా ఇంటి సంగతి.

ముందు డబ్బు గురించి చెప్పాలి. అమ్మ నెలనెలా కట్టిన చీటీ 2019 సంక్రాంతి తర్వాత చేతికొచ్చింది. మొత్తం 35,000 రూపాయలు. ఇంటి కప్పు బాగుచేయించే పని ఉంది, నాయన బంకులోకి సరుకు వేయాల్సిన పని ఉంది. అయినా అమ్మ ఆ డబ్బు అక్క కోసం పక్కన పెట్టింది. అక్క విరుదునగర్‌లో మా మామ ఇంట్లో ఉండి డిగ్రీ చదివింది. చదువుతూనే ఒక స్టూడియోలో సాయం చేస్తూ ఫొటోలు తీయడం నేర్చుకుంది. "మన ఊళ్ళల్లో సీమంతం అయినా, చెవులు కుట్టేది అయినా ఫొటో తీసేది మొగోళ్ళే. ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకోని కూచుంటారు. నేను తీస్తే నవ్వుతా కూచుంటారు కదా!" అనేది. అది ఆమె ఆశ. అది కుదరకపోతే అగ్గిపెట్టెల కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగం, లేదంటే పెళ్ళి. రెండిటి మాటలూ ఇంట్లో అప్పటికే మొదలయ్యాయి.

నా ఆశ వేరు. నాకు పిట్టలంటే ఇష్టం. మా కోవిల్‌పట్టి చుట్టూ ఉండేది కరిసల్ నేల, అంటే నల్లరేగడి. చలికాలం పంట చేలల్లో ఉన్నప్పుడు గులాబి రంగు గోరింకలు గుంపులు గుంపులుగా వచ్చి జొన్న కంకుల మీద వాలతాయి. అవి మధ్య ఆసియా నుంచి, తూర్పు ఐరోపా నుంచి ఇంత దూరం వస్తాయని మా సైన్సు టీచరు చెప్పారు. తిరునెల్వేలి జిల్లా కూందంకుళం చెరువుకు హిమాలయాలు దాటి బాతులు వస్తాయి. వాటి తల మీద రెండు నల్ల పట్టీలు ఉంటాయట. విహారయాత్రలో మేము చూసినప్పుడు నాకు పట్టీలు కాదు కదా, తలే కనబడలేదు. నీళ్ళ మీద తెల్ల చుక్కలు, అంతే. కాబట్టి నేను సూపర్‌జూమ్ పక్షం.

మా బడ్జెట్‌లో చివరికి రెండు కెమెరాలు మిగిలాయి. ఒకటి క్యానన్ పవర్‌షాట్ ఎస్ఎక్స్ 740. ఇంకొకటి క్యానన్ ఈఓఎస్ 1500డీ, దాంతోపాటు వచ్చే 18-55 లెన్సు. రెండూ 2018లో వచ్చినవే. మొదటిది బరువు 300 గ్రాములు కూడా లేదు, చొక్కా జేబులో పట్టేస్తుంది. రెండోది లెన్సు లేకుండానే 475 గ్రాములు, దానికి సంచి కావాలి.

మొదటిదాని మీద "40 ఎక్స్" అని రాసి ఉంటుంది. కంటికి కనబడేదానికి నలభై రెట్లు అని చాలామంది అనుకుంటారు. అది కాదు. ఆ లెన్సు 24 మిల్లీమీటర్ల నుంచి 960 మిల్లీమీటర్ల దాకా సాగే లెన్సుతో సమానం. 960ని 24తో భాగిస్తే 40, అదే ఎక్స్. డీఎస్ఎల్ఆర్ 18-55 లెన్సును అదే కొలతలోకి మారిస్తే సుమారు 29 నుంచి 88. అంటే దూరం విషయంలో చిన్న కెమెరా దాదాపు పదకొండు రెట్లు ముందుంది.

ఇక సెన్సార్. కెమెరా లోపల వెలుతురును పట్టే చిన్న పలక అది. సూపర్‌జూమ్‌లో దాని వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. 1500డీలో సుమారు 332. అంటే దాదాపు పన్నెండు రెట్లు. వాన పడేటప్పుడు చూరు కింద చెంబు పెట్టినదానికి, గంగాళం పెట్టినదానికి ఎంత తేడానో అంత. జోరు వానలో చెంబు కూడా నిండుతుంది. తుంపర పడేటప్పుడే గంగాళం విలువ తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండ జోరు వాన లాంటిది. మా ఇళ్ళల్లో నట్టింటి వెలుతురు తుంపర లాంటిది.

ఒకటి దూరంలో పదకొండు రెట్లు గొప్ప, ఇంకొకటి వెలుతురు పట్టడంలో పన్నెండు రెట్లు గొప్ప. ఇక తగాదా తెగేదెట్లా?

కాగితం మీద లెక్కలు చాలు, చేతిలోకి తీసుకుని చూద్దామని అక్క అంది. ఒక శనివారం కోవిల్‌పట్టిలో రైలెక్కి, సాత్తూరు దాటి, విరుదునగర్‌లో దిగాము. మామ తెలిసిన అంగడికి తీసుకెళ్ళాడు. అక్క ఒక మెమరీ కార్డు వెంట తెచ్చింది. అంగడాయన మంచివాడు, రెండు కెమెరాల్లోనూ ఆ కార్డు వేసి తీసుకోనిచ్చాడు. మొదట అక్క నన్ను అంగడి వెనక సరుకు గది దగ్గర నిలబెట్టింది. అక్కడ ఒకటే బల్బు. ఫ్లాష్ లేకుండా రెండిటితోనూ నా ముఖం తీసింది. తర్వాత మెట్ల మీద నిలబడి వీధి చివర గోపురం మీది పావురాలను నేను రెండిటితోనూ తీశాను. కెమెరా వెనక ఉండే చిన్న తెర మీద నా ముఖం రెండిటిలోనూ ఒకేలా ఉంది. "చూసినావా, తేడా ఏమీ లేదు!" అన్నాను.

మరుసటి రోజు కోవిల్‌పట్టిలో బ్రౌజింగ్ సెంటరుకు వెళ్ళి పెద్ద తెర మీద వేసి చూశాము. సూపర్‌జూమ్ తీసిన దాంట్లో నా కనుబొమలు తడి చేత్తో తుడిచిన రంగులా అలికినట్టు ఉన్నాయి. డీఎస్ఎల్ఆర్ దాంట్లో వెంట్రుక వెంట్రుకా తెలుస్తోంది. పావురాల దగ్గర కథ తిరగబడింది. సూపర్‌జూమ్‌లో పావురం మెడ మీద మెరిసే పచ్చరంగు కూడా కనబడింది. డీఎస్ఎల్ఆర్‌లో పావురాలు ఆవగింజలు.

చీకటైతే ఫ్లాష్ వేసుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. చిన్న కెమెరా ఫ్లాష్ నాలుగడుగులు పోయేసరికి నీరసిస్తుంది. ముందున్నవాళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా, వెనక ఉన్నవాళ్ళు నల్లగా వస్తారు. విరుదునగర్‌లో పంగుని పొంగలి జాతర అప్పుడు భక్తులు అగ్గిచట్టి ఎత్తుకుని వస్తారు. ఆ నిప్పు వెలుతురు ముఖం మీద పడుతుంటేనే అందం. ఫ్లాష్ వేస్తే ఆ వెలుతురు కాస్తా పోతుంది.

వెలుతురు కరువు కొత్తది కాదు. 1858లో లిన్నేయస్ ట్రైప్ అనే ఆంగ్ల సైనికాధికారి మదురైకి వచ్చి తిరుమల నాయకుని మహలును ఫొటోలు తీశాడు. ఆ కాలపు కెమెరా ఒక్క బొమ్మకు చాలాసేపు వెలుతురు తాగేది. రాతి స్తంభాలు కదలవు, మనుషులు కదలకుండా ఉండలేరు. అందుకే అప్పటి పెద్ద పెద్ద ఫొటోల్లో రాళ్ళు దొరికినట్టు మనుషులు దొరకరు. మన ఊళ్ళల్లో 2019లో కూడా చాలా ఇళ్ళల్లో అదే పరిస్థితి అని తర్వాత అర్థమైంది.

నాయన రెండు వైపులా విని ఒకటే మాటన్నాడు. "దుక్కికి ఎద్దు కావాల, సవారికి గుర్రం కావాల. ఏది మంచిదని అడిగితే ఎవుడు చెప్తాడు? పని ఏదో ముందు చెప్పండి."

వసారాలో కూర్చుని ఇదంతా వింటున్న అవ్వ అప్పుడు నోరు తెరిచింది. అవ్వకు ఎనభై దాటింది. ఆమెకు ఉన్న ఫొటో ఒక్కటే, ఓటరు కార్డు మీదది. దాన్ని చూసినప్పుడల్లా "ఇది నేనా, దెయ్యమా?" అని నవ్వుతుంది. ఆ రోజు అవ్వ నన్ను అడిగింది: "దూరంగా ఉండేదాన్ని దగ్గిరికి తెచ్చే మిషను ఎందుకురా? నేను దగ్గిర్నే ఉండానే. నన్ను పట్టేది ఏదో అది తెచ్చుకోండి."

ఎవరూ మాట్లాడలేదు. అమ్మ మాత్రం లోపలికి వెళ్ళి డబ్బు తెచ్చి అక్కకు ఇచ్చింది.

కోవిల్‌పట్టి పక్కనే ఇడైసెవల్ ఊరు ఉంది. అక్కడ పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంట్లో మాట తెలుగు, ఆయన రాసింది తమిళం. 1991లో ఆయనకు సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కథలతో ఆగకుండా ఈ నల్లనేల పల్లెల్లో జనం వాడే మాటలను పోగుచేసి ఒక నిఘంటువు కూడా చేశారు. ఆ మాటల కోసం ఆయన దూరదేశాలు పోలేదు. పక్కన కూర్చున్నవాళ్ళ నోటిలోవే ఏరుకున్నారు. మన అవ్వలు, తాతలు మాట్లాడే తెలుగు మన పాఠ్యపుస్తకాల్లో కనబడదు. వాళ్ళ ముఖాలు కూడా ఓటరు కార్డులో తప్ప ఎక్కడా కనబడకపోతే మన తర్వాతివాళ్ళకు మిగిలేది ఏమిటి? ఆ రాత్రి నేను ఆలోచించింది ఇదే.

జూన్‌లో 1500డీ కొన్నాము. మొదటి పని మా చిన్నాయన బిడ్డకు కులదేవత గుడిలో చెవులు కుట్టించిన రోజు. అక్క ఒక్క ఫ్లాష్ కూడా వేయలేదు. ఏడుస్తున్న బిడ్డ, నవ్వుతున్న అత్తలు, అందరూ దొరికారు. కొంగు ఎవరూ అడ్డం పెట్టుకోలేదు. దీపావళికి ముందు అక్క తన సంపాదనతో 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు కొంది. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్సు నోరు పెద్దది. ఎఫ్ 5.6తో పోలిస్తే ఇది దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది. దీనికి జూమ్ లేదు. దగ్గరికి రావాలంటే మనమే నడవాలి.

ఆ లెన్సుతో తీసిన మొదటి ఫొటో మా అవ్వదే. అది చూసి వీధిలో అవ్వలందరూ వరుసకట్టారు. ఇప్పటికి పదకొండు మంది అయ్యారు. ఒకావిడ పెళ్ళినాటి ముక్కుపుడక వెదికి పెట్టుకొచ్చింది. ఇంకొకావిడ తన మేకతో కలిపి తీస్తేనే కూర్చుంటానంది. తీశాము. వాళ్ళ దగ్గర అక్క డబ్బు తీసుకోదు. వేడుకలకు తీసుకుంటుంది. పెళ్ళి మాట ఇంట్లో ఇంకా ఉంది, కాకపోతే ఇప్పుడు అక్కను అడిగి మాట్లాడుతున్నారు.

డీఎస్ఎల్ఆర్‌తో ఇబ్బందులూ ఉన్నాయి. ఆడి నెల గాలికి మా ఊళ్ళో దుమ్ము లేస్తుంది. లెన్సు మార్చేటప్పుడు లోపల పడిందంటే ప్రతి ఫొటోలోనూ మచ్చ. కిటికీ మూసి, ఫ్యాను ఆపి మార్చాలి. ఒక కెమెరాతో ఖర్చు ఆగదు, లెన్సు, సంచి, ఇంకో బ్యాటరీ అంటూ సాగుతుంది. కళుగుమలై కొండమీద 8వ శతాబ్దం నాటి జైన శిల్పాలు వరుసలు వరుసలుగా చెక్కి ఉన్నాయి. అక్కడికి వెళ్ళినప్పుడు పై వరుస శిల్పాల ముఖాలు మా కెమెరాకు అందలేదు. పక్కన ఒకాయన చిన్న సూపర్‌జూమ్‌తో కింద నిలబడే వాటిని హాయిగా తీసుకున్నాడు. పిట్టలు, శిల్పాలు, పగటి ప్రయాణాలు, ఒక్కసారి కొని మళ్ళీ ఖర్చు పెట్టకూడదు అనుకునేవాళ్ళు ఎవరైనా నన్ను అడిగితే ఈ రోజుకీ సూపర్‌జూమ్ కొనమనే చెప్తాను.

కాబట్టి కెమెరా కొనాలనుకునే మిత్రులారా, అంగడికి వెళ్ళేముందు ఇంట్లో కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను తీయాలనుకున్నది దూరంగా ఉందా, చీకట్లో ఉందా? ఫొటో ఫోనులోనే చూస్తానా, పెద్దగా ప్రింటు వేస్తానా? వచ్చే ఏడాది ఇంకో లెన్సుకు డబ్బు వస్తుందా? జవాబులు వచ్చాక ఒక మెమరీ కార్డు జేబులో వేసుకుని వెళ్ళండి. మీ ఇంట్లో ఎంత వెలుతురు ఉంటుందో అంత వెలుతురులో తీసి, పెద్ద తెర మీద చూడండి. అమ్మేవాళ్ళు చెప్పేదానికన్నా ఆ రెండు ఫొటోలు ఎక్కువ చెప్తాయి.

నా బాతుల తలమీది పట్టీలు నేనింకా చూడలేదు. 55-250 లెన్సుకని అక్క ఒక డబ్బా పెట్టింది, ప్రతి వేడుక డబ్బులోంచి కొంత అందులో వేస్తోంది. అది నిండేలోపు వీధిలో ఇంకా ఆరుగురు తాతలు మిగిలి ఉన్నారు. ఆడవాళ్ళకు తీసి మాకు తీయరా అని అడుగుతున్నారు. వచ్చే ఆదివారం వాళ్ళ వంతు.