అలిపిరి మెట్ల దారి

తిరుపతి పట్టణమున రాత్రివేళ మేడమీద నిలిచి కొండవైపు చూచినచో, చీకటి నడుమ దీపములతో వెలుగు గోపురమొకటి కనబడును. అదియే గాలిగోపురము. అలిపిరినుండి మెట్లదారిని పోవువారు చేరవలసిన మొదటి పెద్ద యెత్తు అది. బస్సులో పోవువారికి దానిని చూచుట యొక వేడుక. నడచి పోవుదమని సంకల్పించుకొన్నవారికి మాత్రము దానిని చూచినంతనే గుండె కొంచెము జంకును. మేమిద్దఱము అక్కచెల్లెండ్రము, మా వదినగారు, ఈ మువ్వురము ఆ గోపురమును రెండు ప్రయాణములలో క్రిందినుండి చూచితిమి. మొదటిమారు దానిని చేరకయే మరలితిమి. రెండవమారు దానిని దాటి కొండపైవఱకు నడచితిమి. ఆ రెండు ప్రయాణముల నడుమ పదునాలుగు నెలలు గడచెను. సోదరీమణులకు పనికివచ్చునది కొండపై మాకు దొరకినదానికంటె ఆ పదునాలుగు నెలలలో దొరకినదే యని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తిరుమలకు బండిదారి యేర్పడి నూఱేండ్లు కాలేదు. మొదటి ఘాటురోడ్డు 1944లోను, రెండవది 1974లోను ఏర్పడెను. అంతకు పూర్వము ఎంతటివారైనను కాలినడకనో, డోలీలోనో పోవలసినదే. అలిపిరి దారి రమారమి 9 కిలోమీటర్లు. మెట్లు 3,550 అని లెక్క. శ్రీనివాసమంగాపురము వైపునుండి శ్రీవారి మెట్టు అను మఱియొక దారి కలదు. అది రెండు కిలోమీటర్లకు కొంచెము మించినది. మెట్లు ఇంచుమించు 2,400. దూరము తక్కువే గాని యెక్కుడు నిలువుగా నుండును. నేడు బస్సు జనమును సుఖముగా కొండమీద దింపుచున్నను, ప్రతిదినము వేలకొలది జనులు ఈ మెట్లమీదనే పోవుచున్నారు. మ్రొక్కు అందులకు ఒక కారణము. అదియొక్కటే కారణము గాదని మాకు తరువాత తెలిసెను.

మా వదినగారికి ఏబదినాలుగేండ్లు. కాపురము నెల్లూరు. ఇరువదిమంది చుట్టములు ఒక్కమాఱుగా వచ్చినను విసుగుకొనక వండి వడ్డింపగల యిల్లాలు. మూడేండ్ల క్రిందట ఆమెకు రక్తములో చక్కెర హెచ్చినదని తేలెను. ఆమె తల్లిగారికి ఇదే వ్యాధి యుండెను. కాలికి ముల్లు గ్రుచ్చుకొనిన చిన్నపుండు మానక, తుదకు పాదము తీసివేయవలసివచ్చి, ఆమె కడపటి ఆఱేండ్లు మంచముననే గడపిరి. ఆ మంచము ప్రక్క కూర్చుండి పరిచర్య చేసినది మా వదినగారే. కావున వైద్యులు "అమ్మా, మందుతోపాటు నడకయు కావలెను" అని చెప్పినప్పుడు ఆమెకు కలిగిన భయము ఇంతింత గాదు. ఆ భయమే ఆమెను నడిపించునని మేమందఱము అనుకొంటిమి. అది నడిపింపలేదు.

మూడు దినములు మేడపై ఇటునటు తిరిగిరి. నాలుగవనాడు చుట్టములు వచ్చిరి. ఆ మీదట వానలు పట్టుకొనెను. అన్నగారు అడుగులు లెక్కించు గడియారము కొనియిచ్చిరి. అది పది దినములు చేతికుండి, పిదప బీరువాలో పట్టుచీరల నడుమ చేరెను. "తెల్లవాఱినది మొదలు నిలువుకాళ్ళమీదనే యుందును గదా, ఇంకను నడువవలెనా?" అని ఆమె అడుగుచుండిరి. ఈ ప్రశ్న మనలో ననేకులు అడుగునదే. వంటయింటి పని శ్రమ గాదని యెవరందురు? కాని పొయ్యికడ నిలిచినందువలన కాళ్ళు నొచ్చునే గాని ఊపిరి వేగిరపడదు. కండలు కొంతసేపు ఎడతెగక కదలినప్పుడే అవి రక్తములోని చక్కెరను మెండుగా వాడుకొనును. పెద్దవారికి వారమునకు తక్కువపక్షము 150 నిమిషములు చురుకైన నడకవంటి శ్రమ కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఏడు దినములకు పంచినచో దినమునకు ఇరువదిరెండు నిమిషములు. వదినగారికి ఈ లెక్కలన్నియు చదివి వినిపించితిమి. ఆమె శ్రద్ధగా విని, చింతపండు నానవేయుటకు లేచి పోయిరి.

ఇట్లుండగా వారి కుమారునికి ఉద్యోగమైనది. ఉద్యోగమైనచో మెట్లెక్కి వత్తునని ఆమె మ్రొక్కుకొనియుండిరి. మార్గశిరమాసమున మువ్వురము తిరుపతికి పోయితిమి. అలిపిరిలో పాదాల మండపము దాటి కొంచెము పోవునప్పటికి తలయేరుగుండు అను పెద్దఱాయి యుండును. దానికి తలయు మోకాళ్ళును ఆనించినచో నొప్పులు రాకుండునని జనుల నమ్మకము. ఎందఱో ఆనించగా ఆనించగా ఆ ఱాతిలో గుంటలు పడియున్నవి. వదినగారును భక్తితో మోకాళ్ళు ఆనించిరి. కాని మున్నూఱు మెట్లు దాటకమునుపే ఆమెకు కన్నులు తిరిగెను. మండపములో కూర్చుండబెట్టి, నీళ్ళిచ్చి, మెల్లగా క్రిందికి దించితిమి. బస్సెక్కి కొండకు పోయి దర్శనము చేసికొంటిమి. తిరుగుదారిలో "దేవుడు క్షమించును, వదినా, ఏల దుఃఖింతురు?" అంటిమి. "దేవుని సంగతి గాదమ్మా! ఆ మెట్టుమీద కూలబడినప్పుడు నాకు మా అమ్మ మంచము కనబడినది" అని ఆమె కన్నులు తుడుచుకొనిరి. మేము బదులు చెప్పలేకపోయితిమి.

ఆ రాత్రి మేమిద్దఱము చాలసేపు ఆలోచించితిమి. వదినగారు తమ జీవితములో భయపడి చేసిన పని యొక్కటియు మాకు జ్ఞాపకము రాలేదు. చేసినవన్నియు ప్రీతికొలది చేసినవే. అట్టివారిని భయపెట్టి నడిపింపజూచుట మన తెలివితక్కువ గాదా? ఇంతకును ఆమెకు ప్రీతి యేమి? ఆకుకూరలు! మంచి పొన్నగంటికూర కట్ట దొరకినచో ఆమెకు ఆనాడు పండుగయే. పెన్న యొడ్డున రంగనాయకస్వామి గుడివైపు తెల్లవాఱుజామున పల్లెలనుండి స్త్రీలు కూరలు తెచ్చుచుందురు. అది మా యిండ్లకు కిలోమీటరున్నర దూరము. మఱునాటినుండి మేము నడక మాట యెత్తలేదు. "వదినా, కూరలకు వత్తురా?" అని మాత్రమే అడిగితిమి.

ఆమె సంచి చేతబట్టుకొని వచ్చిరి. తొలినాడు రెండుచోట్ల కూర్చుండిరి. గోంగూర, చుక్కకూర, వానితోపాటు అమ్మువారి యూళ్ళ వార్తలు, వారి కోడండ్ర కష్టసుఖములు అన్నియు తెచ్చుకొనిరి. రెండవనాడు మేము పిలువకమునుపే వాకిట నిలిచియుండిరి. నెల తిరుగునప్పటికి కూరలు కొనినను కొనకున్నను ఏటి యొడ్డువఱకు పోయి, ప్రొద్దుపొడుపు చూచి మరలుట అలవాటయ్యెను. ఇంటిలో ఒక్క చిక్కు మిగిలెను. ఆ యరగంట కాఫీ ఎవరు పెట్టవలెను? పదిదినములు అన్నగారు ముఖము చిట్లించుకొనిరి. పదునొకండవనాడు తామే పెట్టి, మా కందఱకు నిచ్చిరి. వేసవిలో నెలకొకసారి నరసింహకొండకు పోయి యెక్కివచ్చుట మొదలుపెట్టితిమి. వైద్యులు మందు మాన్పలేదు. కాని పెంపవలసిన పని లేదనిరి. వదినగారికొఱకు నడచుచున్నామనుకొనిన మాకును రాత్రులు నిద్ర బాగుగా పట్టుచుండెను. మేము వచ్చుచున్నది మాకొఱకే యని తెలిసికొనుటకు ఆఱునెలలు పట్టినది.

మాఘమాసమున "ఇక పోవుదమా?" అని అడిగినది వదినగారే. పోవుటకు ముందు వైద్యులకు చూపించితిమి. ఈ జాగ్రత్త సోదరీమణులు మఱువరాదు. గుండెజబ్బు, ఉబ్బసము గలవారు అడుగక యెక్కరాదు. చక్కెర మందు పుచ్చుకొనువారికి ఎక్కువ శ్రమవలన చక్కెర ఒక్కసారి తగ్గిపోవచ్చును. కొంగున కొంచెము తీపి యుంచుకొనవలెను. వదినగారికి అసలు చిక్కు పాదములతో వచ్చెను. మెట్లు పవిత్రములని పాదరక్షలు విడుచుట ఆచారము. చక్కెరవ్యాధి గలవారు వట్టికాళ్ళతో నడువరాదనుట వైద్యము. తల్లి పాదము జ్ఞప్తినుంచుకొనిన ఆమెకు రెండును త్రోసివేయరానివే. వైద్యులు అరికాళ్ళు పరీక్షించి, స్పర్శ చెడలేదని చెప్పి, మందపు మేజోళ్ళు తొడిగికొమ్మనిరి. ప్రతి మండపముకడను విప్పి అరికాళ్ళు చూచుకొమ్మనిరి. ఆమె అట్లే చేసిరి.

తెల్లవాఱుజామున అయిదు గంటలకు అలిపిరి చేరితిమి. అచ్చట సామానులు ఒప్పగించినచో కూలి లేకయే కొండపైకి చేర్చుదురు. చేతులూపుకొనుచు బయలుదేఱితిమి. తలయేరుగుండుకడ వదినగారు మరల మోకాళ్ళు ఆనించి, నవ్వి, "దీనికి ఆనించుటకు ముందొక యేడాది నడువవలెనని క్రిందటిసారి ఎవరును చెప్పరైరి" అనిరి.

ఈ దారి యందము దానిమీద నడచు జనమే. మాకు ముందు ఒక ముదుసలి ప్రతి మెట్టుకును వంగి పసుపు వ్రాసి కుంకుమ పెట్టుచు పోవుచుండెను. "ఇన్ని మెట్లు ఎట్లు వంగగలవు, అవ్వా?" అని అడిగితిమి. "లెక్క నాకేల తల్లీ! నా యెదుట నెప్పుడును ఒక్క మెట్టే గదా" అనెను. కాలేజీ పిల్లలు పందెము వేసికొని పరుగెత్తి, మలుపులో రొప్పుచు కూలబడుచుండిరి. మాలో పెద్దదానికి పాటలు ప్రాణము. మెట్టు మెట్టుకు పాడుచునే యుండెను. నిలువు మెట్లు వచ్చినప్పుడు పాట ఆగిపోయెను, మాట మాత్రము సాగెను. అదియే సరియైన కొలత యని వైద్యులు మాకు చెప్పియుండిరి: మాటలాడగలిగి పాడలేకపోయినచో నడక తగినంత చురుకుగా నున్నట్లు; మాటయు రాకున్నచో కూర్చుండవలసినట్లు. చిన్నదానికి చెట్లు, పిట్టలు, కోతుల చేష్టలు చూచుట యందు ప్రీతి. వదినగారు ఎదురైన ప్రతివారి యూరును పేరును కనుగొనుచు పోయిరి. ముగ్గురిని మూడు వేడుకలు ముందుకు లాగుచుండెను.

క్రిందటిసారి కూలబడిన మండపము దాటునప్పుడు ఆమె ఒక్క నిమిషము నిలిచి దానివైపు చూచిరి. ఏమియు ననలేదు. ఎనిమిది గంటలు దాటునప్పటికి గాలిగోపురము చేరితిమి. దీనిని పదునేడవ శతాబ్దమున మట్ల అనంతరాజు కట్టించెనందురు. మెట్లలో సగముకంటె ఎక్కువ ఇక్కడికే ముగియును. తిరుపతి యంతయు క్రింద బొమ్మలకొలువువలె కనబడెను. మజ్జిగ త్రాగి, మేజోళ్ళు విప్పి అరికాళ్ళు చూచుకొని, ఆ గాలికి కొంతసేపు కూర్చుంటిమి.

అటుపిమ్మట చాలదూరము దారి చదునుగా పోవును. ఇరుప్రక్కల శేషాచలము అడవి. ఎఱ్ఱచందనపు చెట్లకు ఈ కొండలు పెట్టినది పేరు. జింకలవనముకడ పిల్లలు కంచె వదలి రారు. 2023లో ఈ దారిలో చిరుతపులి వలన ఒక బాలిక ప్రాణము పోయినది. అప్పుడు పిల్లలతో వచ్చువారికి వేళల నిబంధనలు పెట్టిరి. కావున పిల్లలను చేయి విడువక, గుంపుతో కలసియే పోవలెను. ఏడవమైలు ఆంజనేయస్వామి విగ్రహము దాటి, కొంతదూరము రోడ్డు వెంబడి నడచి, అవ్వాచారికోన చూచుచు పోగా తుదకు మోకాళ్ళ మెట్టు వచ్చును. ఇచ్చటి మెట్లు నిట్టనిలువుగా నుండును. కొందఱు మోకాళ్ళతో ఎక్కుదురు. బాలుడైన అన్నమయ్య తొలిసారి కొండకు వచ్చినప్పుడు ఇచ్చటనే ఆకలితో సొమ్మసిల్లి పడిపోయెననియు, అలమేలుమంగమ్మ ముత్తైదువయై వచ్చి ప్రసాదము పెట్టి లేపెననియు కథ కలదు. అది విని వదినగారు, "అంతటివాడే కూలబడినాడు. నేను కూలబడుటలో తప్పేమి? మరల లేచుటయే కావలసినది" అనిరి. ఆ మాటతో పదునాలుగు నెలల బరువు ఆమె మీదినుండి దిగిపోయినట్లు మాకు తోచెను.

పదునొకండు గంటలకు పైకి చేరితిమి. అయిదాఱు గంటలు పట్టినది. చురుకైనవారు మూడు నాలుగు గంటలలో ఎక్కుదురు. దిగునప్పుడు బస్సుననే దిగితిమి. మెట్లు దిగుట మోకాళ్ళకు ఎక్కుటకంటె హెచ్చు భారము.

సోదరీమణులారా! అందఱును అలిపిరి మెట్లెక్కుడని మేము చెప్పుట లేదు. మీకు కొండ రుచింపకపోవచ్చును. తోటపనియో, కోలాటమో, ఈతయో, చిన్ననాటి తొక్కుడుబిళ్ళయో రుచింపవచ్చును. ఆరోగ్యము కొఱకని మొదలుపెట్టినది ఆఱుదినములలో ఆగిపోయినచో మిమ్ము మీరు నిందించుకొనకుడు. ఆ పని మీది కాదని మాత్రము తెలిసికొని, మీది ఏదో వెదకుకొనుడు. ఇంటిలో నెవరైన అత్తగారో, తల్లియో, తోడికోడలో కదలక కూర్చున్నచో, వారికి వ్యాధి పేరు చెప్పి బెదరింపక, వారి ప్రీతి యేదో కనుగొని, ఆ దారిని వారితో మీరును నడువుడు.

నెల్లూరు చేరిన మఱునాడు ఒళ్ళు నొప్పులతో మేమిద్దఱము ముసుగు తన్ని పడుకొంటిమి. ఇంకను వెలుగు రాలేదు. వాకిట తలుపు చప్పుడైనది. తీసి చూచితిమి గదా, చేత సంచితో వదినగారు!

"లెండమ్మా! పొన్నగంటికూర ఆలస్యమైనచో దొరకదు" అనిరి.