ఆదివారం ఫోను

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ!

ఈ హాస్టల్లో ఒకే రూములో ట్రంకు పెట్టెలు పెట్టుకుని చదివిన ముగ్గురం మేము. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మొదలైంది. 1991లో దానికి బాబాసాహెబ్ అంబేద్కర్ పేరు పెట్టారు. ఆ దూరవిద్య దారి ఉండబట్టే పనులు చేసుకుంటూ మేమూ ఎం.ఏ.లో చేరగలిగాం.

ప్రాజెక్టు రాయాల్సిన 2020లో లాక్‌డౌన్ వచ్చింది. గైడు సారుకు ఫోన్ చేయాలంటే మాకు సిగ్గు. రెండు నెలలు పలకలేదు. మాలో ఒకడు "నావల్ల కాదురా" అని మానేశాడు కూడా.

చివరికి సారే ఫోన్ చేశారు. "తిన్నావా నాయనా? రాసిన ఒక్క పేజీ ఫొటో తీసి పంపు, చాలు" అన్నారు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఒక పేజీ. బుధవారానికల్లా దిద్ది పంపేవారు. తప్పులన్నీ ఒకేసారి చెప్పేవారు కాదు. "ఇది నువ్వు చూసిందా, ఎక్కడో చదివిందా?" అని అడిగేవారు. ఆ ప్రశ్నతో మా కాపీ రాతలు ఆగిపోయాయి. ఒకరి పేజీ ఒకరం చదివేలా వాట్సాప్ గ్రూపు పెట్టించారు. అది మన స్టడీ అవరే! మానేసినవాడూ పూర్తి చేశాడు.

ఇప్పుడు మేమూ పీజీ పిల్లలకు ఆన్‌లైన్లో గైడులం. ఒకమ్మాయి మూడు వారాలు పలకలేదు. రేపు చేద్దాంలే అనుకున్నాం. చేసేసరికి చదువు మానేసింది. ఆ తప్పు మాదే.

పలకని పిల్లలు బద్ధకస్తులు కారు, భయపడ్డవాళ్లు. ముందు ఫోన్ చేయాల్సింది మేమే. మీరూ సిగ్గుపడకండి, అడగండి.

జై భీమ్!