కుక్క యేల మొరుగును?

ఆంధ్రమహాభారతమున ఆదిపర్వములోని సరమ కథను మన విద్యార్థులు చదివియే యుందురు. ఆ దేవలోకపు కుక్క బిడ్డ యాగము జరుగుచోట ఆడుకొనుచుండగా జనమేజయుని తమ్ములు దానిని నిష్కారణముగా కొట్టిరి. తల్లి రాజు నెదుట నిలిచి, మంచిచెడ్డలు విచారింపక దుర్బలులను బాధించుట తగదని చెప్పెను. విచారణ ముందు, దండన వెనుక అను నీతి మొరుగు కుక్క యెడలను వర్తించునని నా యనుభవము.

కుక్క తోడేలు వంశమునుండి పుట్టినది. పెరిగిన తోడేలు మొరుగుట అరుదు. మనుష్యుని చేరి బ్రదికిన కుక్కకు మొరుగుటయే భాష యైనది. మన చెవికి సోకని సన్నని ధ్వనులు సైతము దానికి వినబడును. కావున కారణము మనకు గోచరింపనంత మాత్రమున కారణమే లేదనరాదు.

మా బంధువొకడు హైదరాబాదునకు కాపురము మార్చుచు తన కుక్క మోతీని లింగాల ఘనపూర్‌లోని మా యింట విడిచిపోయెను. అప్పటికే దానికి మూడేండ్లు. మొరుగుట దానికి పాతయలవాటు. నెల తిరుగకమునుపే పొరుగింటి అమ్మ వచ్చి, "సారూ, మా బిడ్డకు పదవ తరగతి పరీక్షలు దగ్గరపడినవి. రాత్రులు కంటికి కునుకు లేదు. ఆ కుక్కను ఎక్కడనైన దూరముగా విడిచి రండి" అనెను. ఆమె బాధ నిజము. కాని విడిచివచ్చిన కుక్క ఆకలితో చచ్చును. ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును విడనాడుటను 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము నేరముగా నెంచినది. నిత్యము కట్టియుంచు కుక్కను తగినంత తిప్పకుండుటయు ఆ చట్టము ప్రకారము నేరమే. నేను పదునైదు దినములు గడువడిగితిని. ఆమె దయతో ఒప్పుకొనెను.

ఏడు దినములు ఒక నోటుపుస్తకమున మోతీ మొరిగిన వేళయు, అప్పుడు జరిగిన దానిని వ్రాసితిని. తెల్లవారుజామున పాలవాని సైకిలు. పగలు ఇంటి కప్పులమీది కోతులు. రాత్రి 10 గంటలు దాటిన పిదప దూరపు కుక్కల కూతలును పెరటిలోని ఒంటరితనమును. ఇట్లు ఒక మొరుగు మూడు మాటలుగా విడివడెను.

శిక్షణ కళాశాలలో మేము థార్న్‌డైక్ పండితుని ఫలిత నియమమును చదివితిమి. ఆయన 1898లో, పెట్టెలలో నుంచిన పిల్లులు బయటపడు విధమును పరీక్షించి ప్రకటించెను. సంతోషము కలిగించిన పని నిలుచును, కలిగింపనిది సడలును. పాలవాడు ప్రతిదినము పాలుపోసి తనంతట పోవును. కుక్క మాత్రము తానే తరిమితినని తలచును. మనము గద్దించినచో, యజమానియు తనతో గొంతు కలిపెనని తలచును.

అందుచే ఇంటిల్లిపాది ఒక్క కట్టుబాటు చేసికొంటిమి. ఎవరును గద్దింపరాదు, కొట్టరాదు. అది ఊరకొన్నంతనే అయిదు లెక్కించి, మెచ్చుకొని, జొన్నరొట్టె ముక్క పెట్టవలెను. గేటు సందులకు తడక కట్టితిమి. సాయంకాలము పొలము గట్లమీద ఒక గంట త్రిప్పి, రాత్రి పెరటికి మారుగా వసారాలో మా దగ్గర పండుకొనబెట్టితిమి. మొదటి మూడు దినములు మొరుగు హెచ్చెను. పాత ఉపాయము పారనపుడు ఏ ప్రాణియైనను దానినే మరింత గట్టిగా ప్రయత్నించును. అచ్చట లొంగినచో, గట్టిగా మొరిగినయెడల గెలుతునని అది నేర్చుకొనును. మేము లొంగలేదు. రెండవ వారము ముగియునప్పటికి రాత్రులు నిశ్శబ్దమయ్యెను. పొరుగింటి బాలిక నిద్రించి, పరీక్షలు వ్రాసెను. కోతులు వచ్చినపుడు మాత్రము మోతీ నేటికిని మొరుగును; అది దాని యుద్యోగము, దానిని మాన్పింపలేదు.

ప్రియ విద్యార్థులారా, మీ యింటి కుక్క అకస్మాత్తుగా మిక్కిలి మొరుగసాగినచో, మొదట పశువైద్యునికి చూపుడు. నొప్పియు అట్లు పలికించును. ఏ జబ్బును లేనిచో కఱ్ఱకు బదులు పెన్సిలు పట్టుకొని వేళలు వ్రాయుడు. తలిదండ్రులకు నొక్క మనవి: తరగతిలో అల్లరిచేయు బాలుని విషయమునను ఈ పద్ధతి నాకు పనికివచ్చినది. వాడు అల్లరి మాని కూర్చున్న క్షణమును మనము గమనింపము. గమనించి మెచ్చుకొనినచో వాడు ఆ క్షణమును పెంచుకొనును.